ఆల్కలైన్ వాటర్ తాగితే గుండెకి మంచిదేనా?

చెరువుగట్టు_భీమవరం: ఆల్కలైన్ వాటర్ మెషిన్ కొన్నాను. రొయ్యల చెరువులో పీహెచ్ పడిపోతే సున్నం చల్లుతాం. గుండె కండరంలో యాసిడ్ చేరినా అదే లెక్క కదండీ?

ఫిజియాలజీ_కాకినాడ: సున్నం నేరుగా చెరువు నీళ్లలో కలుస్తుంది. మీరు తాగే నీళ్లు ముందు కడుపులోని యాసిడ్‌లో పడతాయి. రక్తం పీహెచ్‌ని ఊపిరితిత్తులు, కిడ్నీలు 7.35-7.45 మధ్య పట్టి ఉంచుతాయి. గుండె కణం లోపల అది దాదాపు 7.2. అక్కడ పుట్టే యాసిడ్‌ని వదిలించుకునే ఏర్పాటు కణం పొరలోనే ఉంది. ఒక ప్రోటీన్ సోడియంని లోపలికి రానిచ్చి హైడ్రోజన్ అయాన్‌ని బయటికి తోస్తుంది. ఇంకొకటి సోడియంతో పాటు బైకార్బొనేట్‌ని లోపలికి తెస్తుంది.

కోనసీమకుర్రోడు: అన్నా, చెరువు పీహెచ్ తెల్లారి ఒకటి, మధ్యాహ్నం ఒకటి. ఏది చూసి సున్నం వేస్తున్నావ్?

చెరువుగట్టు_భీమవరం: తెల్లారే. మేడమ్, బైకార్బొనేట్ క్షారమే కదా, మీరే ఒప్పుకున్నారు!

కోనసీమకుర్రోడు: మధ్యాహ్నం కూడా చూడాలన్నా. నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసి పీహెచ్ పెంచేస్తుంది.

ఫిజియాలజీ_కాకినాడ: నేనేమీ ఒప్పుకోలేదండి. యాసిడ్ పోతే చాలనుకోవడం దగ్గరే తేడా. రక్తనాళం మూసుకుపోతే కణంలో పీహెచ్ 6.5 కిందికి కూడా జారవచ్చు, కండరం బలం తగ్గుతుంది. నాళం తెరవగానే ఆ మొదటి ప్రోటీన్ యాసిడ్‌ని గబగబా తోసేస్తుంది. బదులుగా సోడియం నిండి, దాని వల్ల కాల్షియం పేరుకుని కణానికే చేటు. ఆ ప్రోటీన్‌ని ఆపే కారిపొరైడ్ అనే మందుని బైపాస్ రోగుల మీద పరీక్షించారు. 2008లో అచ్చయిన ఫలితాల్లో గుండెపోట్లు తగ్గాయి, కానీ స్ట్రోక్‌తో మరణాలు పెరిగాయి. గురి చూసి చేసిన మందు గతే అది. మీ మెషిన్ నీళ్లు ఆ కణం దాకా వెళ్లి ఏం చేస్తాయి?

చెరువుగట్టు_భీమవరం: ఇక్కడైతే బాగానే చెబుతారు! నాన్నగారికి స్టెంట్ వేసినప్పుడు ఏ డాక్టరూ ఇందులో ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే కౌంటర్ దగ్గరికి పొమ్మన్నారు. మెషిన్ అమ్మినాయన మా అరుగు మీద కూర్చుని నాన్నగారు అడిగినవాటన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాడు. ఆ ధైర్యంతోనే కదా ఆయన మాత్రలు కూడా ఆపేశారు.

గోదారోడు_రాజమండ్రి: ఏ మాత్రలు?

చెరువుగట్టు_భీమవరం: రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి.

ఫిజియాలజీ_కాకినాడ: నీళ్ల గొడవ వదిలేయండి. స్టెంట్ ఉన్నవాళ్లు అవి సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఇవాళే తీసుకెళ్లండి.

చెరువుగట్టు_భీమవరం: బయల్దేరుతున్నాం. అక్కడ వాళ్లు కసురుకున్నా పడతాను. మెషిన్ మాత్రం తీసేది లేదు.