అమ్మ రిపోర్టు నా ఫోన్‌కి వస్తే ముందు ఎవరు చూడాలి?

ఆరిలోవ వాసి
అందరికీ నమస్కారం. ఇంట్లో మొదలైన గొడవ ఇది, మీరేమంటారో చెప్పండి. మా అమ్మకి 67 ఏళ్లు. మెడ దగ్గర గడ్డ ఉంటే దగ్గరలోని ఒక ట్రస్టు ఆస్పత్రిలో చూపించాం. థైరాయిడ్‌కి సూదితో శాంపిల్ తీశారు. అక్కడ ఇప్పుడు టోకెన్, బిల్లు, రిపోర్టు అన్నీ ఆన్‌లైన్ పోర్టల్లోనే. అమ్మది బటన్ ఫోన్ కాబట్టి రిజిస్ట్రేషన్‌కి నా నంబరే ఇచ్చాను. కౌంటర్లో వాళ్లు ఆమెని అడగలేదు, నేనూ అడగలేదు.

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి మెసేజ్ వచ్చింది. ఓటీపీ కొట్టి తెరిస్తే "బెథెస్డా కేటగిరీ 3, ఏటిపియా" అని ఉంది. వంటింట్లో అమ్మ మర్నాటికి మినప్పప్పు నానబోస్తోంది. నేను తెల్లవార్లూ కేన్సర్ గురించి వెతుక్కుంటూ కూర్చున్నాను. రెండు రోజులు ఆమెకి చెప్పలేదు. గురువారం డాక్టరు గారు "రిపోర్టు మొన్ననే వచ్చింది కదమ్మా" అనేసరికి అమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆటోలో ఇంటికొస్తూ ఒకే మాట అంది: "నా ఒంటి సంగతి నాకంటే ముందు నీకెందుకు తెలియాలిరా?"

కంగారు పెట్టకూడదనే నేను ఆగాను. తప్పు నాదేనని చెల్లి అంటోంది. ఆస్పత్రి రిపోర్టు పేషెంటుకే ఇవ్వాలా, ఇంట్లోవాళ్ల ఫోన్‌కి పంపితే చాలా?

రిటైర్డ్ సిస్టర్, పెదవాల్తేరు
బాబూ, ముందు నీ భయం సంగతి. థైరాయిడ్ సూది పరీక్షకి బెథెస్డా పద్ధతిలో 6 కేటగిరీలుంటాయి. 2 అంటే ప్రమాదం లేని గడ్డ, 6 అంటే కేన్సర్. 3 అంటే కణాలు కొంచెం తేడాగా ఉన్నాయి గానీ ఇదీ అని తేల్చలేం అని. చాలాసార్లు మళ్లీ సూది పరీక్షే రాస్తారు. ఈ నాలుగు మాటలు చెప్పే మనిషి పక్కన లేకుండా రాత్రిపూట ఆ కాగితం చదవాల్సి రావడం నీకూ అన్యాయమే.

కానీ మీ చెల్లి మాటే రైటు. నేను 30 ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. "సిస్టర్, ఆవిడకి చెప్పకండి" అని తలుపు దగ్గరే ఆపేసే కొడుకులు ఎందరో. లోపల మంచం మీదున్నావిడ నా చెయ్యి పట్టుకుని, "నాకు తెలిసిపోయిందని మావాడికి చెప్పకు తల్లీ, తట్టుకోలేడు" అనేది. ఇద్దరూ ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు ఏడ్చేవారు. పోర్టల్ లేని రోజుల్లోనూ ఇదే జరిగింది.

పాడేరు మేనల్లుడు
సిస్టర్ గారూ, మీ మాట కాదనను. మా పరిస్థితి కూడా వినండి. మా మావయ్యకి షుగరు, దానివల్ల కిడ్నీ దెబ్బతింది. చదువు రాదు, ఫోన్ లేదు. వందకి పైగా కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. ఇదివరకు క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) కాగితం కోసమే మరోసారి విశాఖ వచ్చేవాళ్లం, ఆఖరి బస్సు తప్పితే కాంప్లెక్సులోనే పడుకునేవాళ్లం. ఇప్పుడు నా ఫోన్లో చూసి, డాక్టరు రమ్మంటేనే బయల్దేరుతున్నాం. "పేషెంటు ఫోన్‌కే" అని రూలు పెట్టారంటే మావయ్యకి రిపోర్టు చేరే దారే ఉండదు.

గాజువాక కోడలు
మా ఇంట్లో అందరి రిజిస్ట్రేషన్‌కీ మావయ్య గారి నంబరే. రెండేళ్ల క్రితం నాకు గర్భం నిలవలేదన్న స్కాన్ రిపోర్టు ఆయన ఫోన్‌కి వెళ్లింది. నేనింకా స్కానింగ్ గది బయట కుర్చీలోనే ఉన్నాను. అత్తయ్య ఫోన్ చేసి ఏడ్చేశారు. అలా తెలిసింది నాకు. మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. కానీ ఆ మాట నాకు డాక్టరమ్మ చెప్పాలి, మా ఆయనకి నేను చెప్పాలి. నాకు స్మార్ట్‌ఫోన్ ఉంది. నీ నంబరేంటని ఎవరూ అడగలేదంతే.

హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ పని
నేను ఇలాంటి పోర్టల్స్ మీదే పనిచేస్తున్నాను. చిక్కు ఎక్కడంటే, చాలాచోట్ల ఒక మొబైల్ నంబరు కింద ఇంటిల్లిపాదినీ తగిలిస్తాం. ఓటీపీ ఎవరు కొడితే సిస్టమ్‌కి వాళ్లే పేషెంటు. మెసేజ్ ఎవరికి వెళ్లాలి, రిపోర్టు ఎవరు తెరవొచ్చు అనేవి రెండు వేరు వేరు ప్రశ్నలుగా అడిగితే సగం గొడవ తీరుతుంది.

వైద్యుల ప్రవర్తన మీద 2002లో వచ్చిన నిబంధనల్లోనే ఉంది: పేషెంటు గానీ, పేషెంటు అధికారమిచ్చిన అటెండెంటు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులివ్వాలి. అధికారం ఇవ్వాల్సింది పేషెంటు, కౌంటర్లో గుమాస్తా కాదు. 2023 డేటా రక్షణ చట్టంలోనూ పిల్లల తరఫున తల్లిదండ్రులు ఒప్పుకోవచ్చని ఉంది గానీ, తెలివిగా ఉన్న తల్లి తరఫున కొడుకు ఒప్పుకోవచ్చని లేదు.

14 అంకెల ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరుతో రికార్డులు పంచుకునేటప్పుడు ఎవరు చూస్తారు, దేనికి, ఎప్పటిదాకా అని అనుమతి అడుగుతుంది, తర్వాత రద్దు కూడా చేసుకోవచ్చు. పద్ధతి మంచిదే. కానీ అమ్మ ఆభాకి కొడుకు నంబరే ఉంటే ఆ అనుమతి నొక్కేదీ కొడుకు వేలే.

పాడేరు మేనల్లుడు
అయితే మావయ్య కౌంటర్లో "నా మేనల్లుడు చూడొచ్చు" అని వేలిముద్ర వేస్తే చాలదా? ఆ కాగితం పెడితే నాకే అభ్యంతరమూ లేదు. ఆయన్ని అడిగితే సంతోషిస్తాడు కూడా. ఇన్నాళ్లూ ఎవరడిగారు?

రిటైర్డ్ సిస్టర్, పెదవాల్తేరు
చాలు నాయనా. దాంతోపాటు ఒక ప్రింటు చేతికివ్వాలి, చదువు రానివాళ్లకి చదివి చెప్పాలి. ఇలాంటి పెద్ద పరీక్షల రిపోర్టు డాక్టరు దగ్గరికి వచ్చే రోజున తెరుచుకునేలా పెట్టినా తప్పు లేదంటాను.

గాజువాక కోడలు
ఆ చివరి మాట ఒప్పుకోను సిస్టర్ గారూ. నాది నాకు వెంటనే కావాలి. ఆగాలో వద్దో కూడా నన్నే అడగాలి.

ఆరిలోవ వాసి
రాత్రి అమ్మకి ఇవన్నీ చదివి వినిపించాను. కోడలమ్మ రాసింది రెండుసార్లు చదవమంది. మళ్లీ సూది పరీక్షకి డాక్టరు తేదీ ఇచ్చారు. నంబరు మార్చాలంటే పేషెంటు ఆధార్‌తో స్వయంగా రావాలట, కౌంటరు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే. శనివారం సెలవు పెట్టాను. మెసేజ్ తన బటన్ ఫోన్‌కి రావాలని, వచ్చాక నన్ను పిలిచి తెరిపించుకుంటానని అమ్మ చెప్పింది. చెల్లి పేరు కూడా రాయించమంటోంది. ఫారంలో రెండు పేర్లకి చోటుంటుందా, ఎవరికైనా తెలుసా?