అప్‌డేట్: సివిలైజేషన్ 6 గేమ్‌లో నా ఊరు మళ్లీ పెరుగుతోంది

తిండి మిగులుతున్నా నా రెండో నగరంలో జనాభా ఎందుకు పెరగట్లేదని అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. లోటు తిండిది కాదు, హౌసింగ్‌ది, అంటే నగరంలో ఎంతమందికి చోటుందన్న లెక్కది. నగరాన్ని నది పక్కన పెడితే హౌసింగ్ 5, సముద్రం ఒడ్డున 3, నీళ్లు లేని చోట 2. నాది మూడో రకం. జనాభా ఆ హద్దును తాకగానే పెరుగుదల వేగం పావు వంతుకు పడిపోతుంది, ఇక ఎంత పండించినా అంతే. పక్కనే కొండ ఉంది కాబట్టి ఆక్విడక్ట్ (నగరానికి నీళ్లు తెచ్చే కాలువ) కట్టాను, హౌసింగ్ 6కి చేరింది. గ్రానరీతో (ధాన్యాగారం) ఇంకో 2. పొలం ఒక్కోటి అర చొప్పున కలుపుతుంది. (బెంగళూరు మారతహళ్లిలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసేవాడికి గేమ్‌లో కూడా నీళ్ల టెన్షనే!)

ఇక బంగారం, అంటే గేమ్‌లో డబ్బు. పట్టు నాకు రెండు చోట్ల దొరికింది. ఒకటి 4 నగరాల అమెనిటీలకు (జనాన్ని సంతోషంగా ఉంచేవి) సరిపోతుంది, రెండోది దగ్గర పెట్టుకుంటే దమ్మిడీ లాభం లేదు. గేమ్‌లో ఇండియా నాయకుడు గాంధీకి అమ్మేశా, 30 టర్నుల పాటు డబ్బులొస్తాయి.

మా రూమ్మేట్ ఇంకా ఊళ్లు పెట్టమంటున్నాడు. కానీ సెట్లర్‌ను (కొత్త ఊరు పెట్టే యూనిట్) తయారుచేసిన ప్రతిసారీ తర్వాతి దాని ఖర్చు పెరుగుతోంది. ముందు ఉన్నవాటిలో గ్రానరీలు కానిచ్చేస్తా.