సోమశిల సూర్యాస్తమయం: ఆకాశం కుదిరితే లోయ నల్లబడుతోంది, ఏం చేయాలి?

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. వెలికొండల నడుమ పెన్న మీద పొద్దు గుంకడం ఫోటో తీయాలని ఈ డిసెంబరులో మూడు సాయంత్రాలు సోమశిల వెళ్లాను. ఈ నెలలో సూర్యుడు నైరుతికి జరిగి దిగుతాడు కదా, కొండ అడ్డుపడి వెలుగు ముందే పోతోంది.

ఆకాశపు కాషాయానికి ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) సరిచేస్తే కొండలు, నీళ్లు బొగ్గులా వస్తున్నాయి. లోయకు సరిచేస్తే ఆకాశం పాలిపోతోంది. కెమెరా స్టాండ్ ఉంది, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8 పెడుతున్నాను. పైన నల్లగా, కిందికి వచ్చేకొద్దీ తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ కొనాలా? కొండల అంచు ఎగుడుదిగుడుగా ఉంది, శిఖరాలు కూడా నల్లబడతాయేమోనని నా భయం. లేక వెలుగు మారుస్తూ మూడు ఫోటోలు తీసి ఒకటిగా కలపడమే మేలా? అలలు కదిలితే కలిపినచోట చెదరదా?

పొద్దు దిగిన కాసేపటికి వచ్చే ఆ ఊదారంగు మా నాన్నగారికి ప్రాణం. ఆ ఫోటో పెద్దది చేయించి ఆయన గదిలో పెట్టాలి. సంక్రాంతిలోపు మళ్లీ వెళ్తాను, తెలిసినవారు దయచేసి చెప్పండి.