«జాడ వేరు»లోని జాడ ట్యాగ్‌కు సరిపోతుందా?

కడప నుండి:
మా ప్రయోగశాలలోని 24 పోర్టుల నెట్‌వర్కు స్విచ్చిలో 1 నుండి 12 వరకు కార్యాలయానికి వీలాన్ (ఒకే స్విచ్చిలో విడదీసిన నెట్‌వర్కు) 10గా, 13 నుండి 23 వరకు విద్యార్థులకు వీలాన్ 20గా అమర్చి, 24వ పోర్టును మేడమీది స్విచ్చికి ట్రంక్‌గా, అంటే అన్ని వీలాన్‌లనూ మోసే దారిగా, కలిపాను. ఒకే తీగలో పోయే ఫ్రేములను (డేటా మూటలను) అవతలి స్విచ్చి ట్యాగ్ అనే వీలాన్ గుర్తును బట్టి వేరు చేస్తుందని పిల్లలకు తెలుగులో వ్రాస్తుండగా, «చూడఁ జూడ రుచుల జాడ వేరయా» అన్న వేమన పాదం నాలుక మీదికి వచ్చింది. చివర ఉన్నది వేరయా, వేరా? ట్యాగ్‌ను జాడ అనవచ్చునా?

ప్రొద్దుటూరు నుండి:
«వేరు» అనే ఉండాలి. ఆటవెలది రెండవ పాదంలో అయిదూ సూర్యగణాలే (గలం గాని, నగణం గాని) గనుక అక్కడ రగణం (గురువు, లఘువు, గురువు) ఇమడదు. మీ «వేరయా» మూడవ పాదంలోని పుణ్యపురుషుల పక్కనుండి జారి వచ్చింది.

అనంతపురం నుండి:
గణం సంగతి సరే, అసలు కీలకం డకారంలో ఉంది. చూడ, జాడ అన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరానికి బదులు రెండవ అక్షరం కలిసే యతి. అక్కడ «తీరు» అని ఉంటే యతి చెడేది. యతి కోసం వచ్చిన మాట మీద ఇంత అర్థభారం మోపడం న్యాయం కాదేమో.

కర్నూలు నుండి:
వేమనకు మాటల కరువా? అయితే అడుగు వెళ్ళిపోయాక మిగిలేది అడుగుజాడ. ట్యాగ్ మాత్రం, ఫ్రేములో పంపినవారి చిరునామా తరువాత చేర్చే నాలుగు బైట్లు. అందులో 12 బిట్లు వీలాన్ సంఖ్యవి. ఒకే వీలాన్‌కు చెందిన యాక్సెస్ పోర్టు దాటి కంప్యూటరుకు చేరేలోపే స్విచ్చి దానిని తీసివేస్తుంది. జాడ మిగలని దానిని జాడ అనడం కంటే, మూటకు కట్టి విప్పే చీటీ అనడం మేలు.

కడప నుండి:
చీటీ అంటే మా పిల్లలకు చీటీల పాటే గుర్తుకు వస్తుందండీ. పైగా నేటివ్ వీలాన్ ఫ్రేములకు చీటీయే ఉండదు. మొన్న క్రింది స్విచ్చిలో నేటివ్ 1, మేడమీది దానిలో 99 ఉండడంతో, చీటీ లేనివన్నీ పరాయి వీలాన్‌లో చేరి, ఒక పూటంతా నన్ను తిప్పలు పెట్టాయి.

ప్రొద్దుటూరు నుండి:
1829లోనే వేమనను అచ్చు వేయించిన బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం మీ ఊళ్ళోనే ఉండగా, మమ్మల్ని అడగడమెందుకు?

అనంతపురం నుండి:
ఉప్పుకూ కప్పురానికీ రుచి పుట్టుకతో వచ్చినది, ఫ్రేముకు వీలాన్‌ను ఇచ్చేది పోర్టు. 12లోని తీగను పీకి 13లో గుచ్చితే కార్యాలయపు కంప్యూటరే విద్యార్థులదైపోతుంది. కనుక జాడ మాట అటుంచి, ఆ పద్యమే ఇక్కడ పొసగదు.

కర్నూలు నుండి:
పొసగకపోవడమేమిటి? «చూడఁ జూడ» అన్నాడు గదా, స్విచ్చి చేసే పని అదే.