‘పార్టిషన్’కి ‘విభజన’ సరిపోతుందా? పాత యూనిక్స్ డిస్కుల దగ్గర వచ్చిన చిక్కు

కోరమంగళ నుంచి:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉన్న కొంతమంది తెలుగువాళ్లం కలిసి ఇంజనీరింగ్ పిల్లల కోసం పాత యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నోట్సు రాస్తున్నాం. డిస్కుల పాఠంలో ‘పార్టిషన్’ని, అంటే డిస్కులో ఒక పనికి విడిగా కేటాయించిన చోటుని, విభజన అన్నాం. కొన్ని యూనిక్స్‌లలో అలాంటి చోటుకే వాడే ‘స్లైస్’ని ఇంకొకరు రాశారు, వాళ్లూ విభజన అనే అన్నారు. తీరా ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ రకం దగ్గరికి వచ్చేసరికి ‘ఒక్కో విభజనలో ఎనిమిది విభజనలు ఉండవచ్చు’ అని తయారైంది. చదివి చూడమని ఇచ్చిన అమ్మాయి, ఏది దేని లోపల ఉందో తెలియడం లేదంది. కాస్త మంచి మాటలు చెప్పండి.

జయనగర్ నుంచి:
అమ్మా, ఇంగ్లీషులోనే ఆ రెండు మాటలూ ఒక్కో యూనిక్స్‌లో ఒక్కో అర్థంతో నడిచాయి, అందుకని మీకు ఆ ఇబ్బంది తప్పదు. నాకు మాత్రం ‘విభజన’ మీదే అభ్యంతరం. విభజించాక ఒకరి ముక్క ఇంకొకరి ముక్కలోకి రాకూడదు. పాత యూనిక్స్‌లో డిస్కు మీద అలాంటి పనేమీ జరగలేదు.

1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌లో ఆర్పీ04, ఆర్పీ06 డిస్కుల డ్రైవర్ (కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, ఆ డిస్కుల్ని నడిపే ప్రోగ్రాం) తీసి చూడండి. అందులో ఎనిమిది వరసల చిన్న పట్టీ ఒకటి ఉంటుంది. వరసకి రెండే అంకెలు: ఎన్ని బ్లాకులు (ఇక్కడ బ్లాకు అంటే ఒక సెక్టార్), ఏ సిలిండర్ నుంచి మొదలు. పళ్లేల మీద గుండ్రటి దారి ట్రాకు, దానిలో ఒక ముక్క సెక్టార్, అన్ని పళ్లేల మీదా ఒకే చోట ఉన్న ట్రాకులన్నీ కలిపి సిలిండర్. మొదటి వరస 9614, 0. ఈ డిస్కుల్లో సిలిండర్‌కి 19 ట్రాకులు, ట్రాకుకి 22 సెక్టార్లు, అంటే 418 బ్లాకులు. 9614ని 418తో భాగిస్తే సరిగ్గా 23 వస్తుంది. కాబట్టి ఆ వరసది 0 నుంచి 22వ సిలిండర్ దాకా. రెండో వరస 8778, 23. అది 43 దాకా. ఇంతవరకూ విభజనే అనుకోవచ్చు.

మూడు, నాలుగు ఖాళీ. ఐదోది 44 నుంచి 429 దాకా, ఆరోది 430 నుంచి 814 దాకా. ఏడోది మళ్లీ వెనక్కి వెళ్లి 44 నుంచి 410 దాకా. ఎనిమిదోది కూడా 44 దగ్గరే మొదలై చివరి 814 దాకా పోతుంది. అంటే ఐదు, ఆరు, ఏడు మూడూ ఎనిమిదోదాని కడుపులోనే ఉన్నాయి. 411 సిలిండర్ల ఆర్పీ04 ఉన్నవాళ్లకి ఏడోది, 815 సిలిండర్ల ఆర్పీ06 ఉన్నవాళ్లకి ఎనిమిదోది. రెండు డిస్కులకీ ఒకటే పట్టీ, ఎవరికి కావలసింది వాళ్లు తీసుకోవాలి. తెలియక ఐదులో ఒక ఫైల్ సిస్టమ్ (ఫైళ్లని అమర్చి ఉంచే ఏర్పాటు), ఎనిమిదిలో ఇంకొకటి పెడితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. డ్రైవర్ అడ్డు చెప్పదు. అడిగిన బ్లాకు ఆ వరస సైజులో పడుతోందా అని చూసి, మొదలు సిలిండర్ కలిపి, డిస్కుకి పంపేస్తుంది. అంతే దాని పని.

ఆ అంకెలు మార్చాలంటే కెర్నెల్ మళ్లీ కంపైల్ చేసి రీబూట్ చెయ్యాలి. డిస్కు మీద ఒక్క బైటూ కదలదు, కానీ నిన్నటి ఫైల్ సిస్టమ్ ఇవాళ మౌంట్ కాదు, అంటే తెరిచి వాడుకోలేం. పిల్లలకి ‘విభజన’ అని నేర్పితే గీతలు డిస్కు మీద ఉన్నాయనుకుంటారు. అక్కడే నాకు టెన్షన్.

మారతహళ్లి నుంచి:
ఇంత లోతు అవసరమా అండీ? విభజన అందరికీ తెలిసిన మాట. అది పని పేరు అనిపిస్తే ‘భాగం’ అనండి, సరిపోతుంది.

జయనగర్ నుంచి:
‘భాగం’ కూడా నిలవదండీ. బర్క్‌లీ యూనిక్స్ అయిన బీఎస్‌డీలో వరసలకి అక్షరాలు వచ్చాయి: ఏ అంటే రూట్ (మూల ఫైల్ సిస్టమ్), బీ అంటే స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు), సీ అంటే మొత్తం డిస్కు. మొత్తాన్ని భాగం అని ఎలా అంటాం? డ్రైవర్‌కి వచ్చేది కూడా ఏ డ్రైవ్, ఏ వరస అని చెప్పే ఒక మైనర్ నంబరే. డ్రైవ్ నంబర్‌ని ఎనిమిదితో గుణించి వరస నంబర్ కలుపుతారు. లెక్క సున్నా నుంచి మొదలు, కాబట్టి హెచ్‌పీ1జీ అన్న డిస్కు పేరు అంటే డ్రైవ్ 1, వరస 6 (పైన ఏడోది అన్నది), మైనర్ నంబర్ 14.

పీసీల సంగతి వేరు. 1983లో ఐబీఎం పీసీల ఆపరేటింగ్ సిస్టమ్ పీసీ డాస్ 2.0తో వచ్చిన పట్టీ డిస్కు మొదటి సెక్టార్‌లోనే, 446వ బైటు నుంచి ఉంటుంది. నాలుగు వరసలు, ఒకదాని మీద ఇంకొకటి పడకుండా. అక్కడ విభజన అంటే నేనూ ఒప్పుకుంటాను.

యూనిక్స్ వైపు పట్టీ డిస్కు మీదికి వచ్చింది 1988లో, 4.3బీఎస్‌డీ తాహోతో. దాన్ని డిస్క్ లేబుల్ అన్నారు. అప్పటిదాకా హద్దులు కచేరీ కాగితాల్లో మాత్రమే ఉండేవి, తాహోతో హద్దురాయి పొలంలోనే పాతారనుకోండి. ఆ రాయిని కళ్లారా చూడొచ్చు కూడా. ఎస్పీ రోడ్డులో పాత సామాన్ల షాపులో తీసుకున్న ఒక డిస్కులో ఫ్రీబీఎస్‌డీ స్లైస్ ఉంటే, దాని రెండో సెక్టార్‌ని హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) చూశాను. మొదటి నాలుగు బైట్లు 57 45 56 82. అదే లేబుల్ గుర్తు, 132వ బైటు దగ్గర మళ్లీ అవే నాలుగు. 148 నుంచి వరసకి 16 బైట్ల చొప్పున పట్టీ. పిల్లలతో ఇది తప్పకుండా చేయించండి, ఒక్కసారి చూస్తే మర్చిపోరు.

పెరంబూరు, చెన్నై నుంచి:
మాస్టారూ, ఎస్‌సీఓ యూనిక్స్ మీద పనిచేసిన మాకు మూడో మాట కూడా ఉండేది. ఎఫ్‌డిస్క్ అనే కమాండ్ చేసేది పార్టిషన్, దాని లోపల ‘డివీ’ అనే కమాండ్ చేసేది డివిజన్. సన్ కంపెనీ యూనిక్స్ అయిన సొలారిస్‌లో స్లైస్ అంటే మీ బీఎస్‌డీ పార్టిషనే, పేరు చివర ‘ఎస్2’ అంటే మామూలుగా మొత్తం డిస్కు. ఫ్రీబీఎస్‌డీలో తిరగబడింది: స్లైస్ బయట, పార్టిషన్ లోపల. ఏడీ0ఎస్1ఏ అన్న పేరులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి: ఎస్1 స్లైస్, ఏ పార్టిషన్.

జయనగర్ నుంచి:
మంచి మాట చెప్పారు. అందుకే నా సలహా ఇది. ఫ్రీబీఎస్‌డీ స్లైస్‌ని ‘చెక్క’ అందాం. నిమ్మచెక్క అంటాం, కాలవ పక్కన రెండెకరాల చెక్క అంటాం, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్షరాల వరసల్ని పార్టిషన్ అనే ఉంచి, పట్టీని ‘హద్దుల పట్టీ’ అనండి. ‘విభజన’ని పీసీ డిస్కుని కోసే పనికి మాత్రం వాడండి. అప్పుడు మీ వాక్యం ఇలా వస్తుంది: ‘డిస్కుని నాలుగు చెక్కల దాకా కొయ్యవచ్చు. ఒక్కో చెక్కలో ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది పార్టిషన్లకు చోటుంది, వాటిలో సీ అంటే ఆ చెక్క మొత్తం.’

కోరమంగళ నుంచి:
ఇది చదవగానే బొమ్మ కట్టింది, చాలా థాంక్స్ అండీ. మరి సొలారిస్ స్లైస్‌ని కూడా చెక్క అనాలా? ఇంకొకటి, మాలో ఒకరు డ్రైవర్‌ని ‘చోదకం’ అని రాశారు.

జయనగర్ నుంచి:
వద్దమ్మా. సొలారిస్‌లో అది లోపలి వరస కాబట్టి స్లైస్ అనే ఉంచి, ‘బీఎస్‌డీ పార్టిషన్ లాంటిది’ అని ఒక ముక్క రాయండి. డ్రైవర్‌ని డ్రైవర్‌గానే వదిలెయ్యండి. రేపు ఆ పిల్లలు సోర్సు కోడ్ తెరిస్తే వాళ్లకి కనపడేది ఆ మాటే.