అప్‌డేట్: క్లిక్కర్ మొదలెట్టాక జేబుల మీద పడుతున్న గుర్రం, సెట్ అయింది

క్లిక్కర్‌తో (నొక్కితే టక్ మనే చిన్న పరికరం, సరిగ్గా చేసిన క్షణంలో ఆ శబ్దం చేసి ట్రీట్ ఇస్తాం) నేర్పించడం మొదలెట్టాక, ట్రీట్ కోసం మా గుర్రం నా జేబులు వెతుకుతోంది, చొక్కా పట్టి లాగుతోంది అని ఇంతకుముందు అడిగా కదా, తగ్గిందండీ, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. పనిచేసింది ఏంటంటే కంచెకి ఇవతలే నిలబడి, అది మూతి పక్కకి తిప్పిన క్షణంలోనే క్లిక్ కొట్టి, ట్రీట్ మాత్రం ఒంటికి దూరంగా చెయ్యి పూర్తిగా చాపి దాని మూతి దగ్గరికే అందించడం, జేబు దగ్గరికొస్తే అరవడం తోయడం ఏం లేదు, క్లిక్ రాదు అంతే. మొదట్లో ఇంకా ఎక్కువ చేసింది, అక్కడే చాలామంది వదిలేస్తారేమో. పశువుల డాక్టర్ దాని పళ్లు కూడా చూశారు, బానే ఉన్నాయి. ట్రీట్‌గా ఇచ్చే క్యారెట్ మార్చడం, క్లిక్కర్ బదులు నాలుకతో టక్ అనడం, వీటివల్ల ఏ తేడా రాలేదు. ఇప్పుడు కంచె లోపలా బుద్ధిగానే నిలబడుతోంది, కర్ర చివర బంతిని ముక్కుతో తాకడం నేర్పిస్తున్నా. ముందు కాలు ఎత్తే ట్రిక్ మాత్రం ఇప్పుడే వద్దు, ట్రీట్ కోసం అడక్కుండానే కాలు విసిరితే దెబ్బ మనకే.