ప్రతాపరుద్రుడి మరణం గురించి వరంగల్ వైపు ఇంకేమైనా కథలు ఉన్నాయా?

కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుడి గురించి మా పిల్లల బడికి చిన్న ప్రదర్శన తయారు చేస్తున్నాను. తెలిసినవారు సాయం చేయగలరు.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని రాజును ఢిల్లీకి పంపాడు. కాకతీయుల తర్వాత తెలుగునేలపై పాలన సాగించిన ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం ప్రకారం దారిలో నర్మదా తీరాన ఆయన కన్నుమూశాడు. శాసనం పడింది ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కాబట్టి నా మొగ్గు దీనివైపే. అయితే 1423 నాటి రెడ్డి రాణి అనితల్లి కలువచేరు శాసనం ఆయన తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడంటుంది. అంటే బందీగా బతకలేక ప్రాణం తీసుకున్నాడనా, లేక అది వట్టి పొగడ్తా? వందేళ్ల తర్వాతి మాట కదా, ఎంత నమ్మాలో తేలడం లేదు.

ఇక తర్వాతి కాలపు తెలుగు గ్రంథం ప్రతాపరుద్ర చరిత్రము దారే వేరు. అందులో సుల్తాను తల్లి ఆయనను శివాంశగా గుర్తించి విడిపిస్తుంది, ఆయన కాశీ చూసుకుని ఓరుగల్లుకు తిరిగి వస్తాడు! చరిత్రగా నిలవకపోయినా నాకు ఎక్కువ నచ్చింది ఇదే. ఓడిపోయిన రాజును ఇంటికి తెచ్చుకోవాలనే జనం ఆశ అందులో కనిపిస్తుంది.

నేను అడిగేది ఇది: హనుమకొండ, ములుగు, కరీంనగర్ వైపు పెద్దలు ఆయన చావు గురించో, తిరిగి రావడం గురించో వేరే కథ చెప్పగా విన్నారా? ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో కూడా రాయండి. కలువచేరు శాసనపాఠం తెలుగు వివరణతో ఎక్కడ దొరుకుతుందో చెబితే మరీ మేలు.